రెండు ఎడమ చేతులు

కదలకూడదన్నాక ముక్కు దురద పెట్టింది. అంతవరకు తనకొక ముక్కుందన్న ధ్యాసే లేదు, ఇప్పుడు ఒళ్లంతా ముక్కే అయి కూర్చుంది. తల చుట్టూ ప్లాస్టిక్ పంజరం బిగించి, చెవుల్లో మెత్తటివేవో కుక్కి, గుప్పిట్లో రబ్బరు బుడగ ఒకటి పెట్టి, "భయమేస్తే ఇది నొక్కండి అంకుల్, వెంటనే బయటికి తీసేస్తాం" అని చెప్పి స్కాను తీసే అమ్మాయి గాజు తలుపు అవతలికి వెళ్లిపోయింది. అంకులట. షాపులో కాజాలు కుట్టేవాళ్ల దగ్గర్నుంచి గుడ్డ తెచ్చిచ్చేవాళ్ల దాకా ఇన్నేళ్లూ అందరికీ మాస్టరు, కటింగ్ మాస్టరు. ఇక్కడ చొక్కా విప్పించి, వెనక తాళ్లున్న గౌను ఒకటి తొడిగించేసరికి అంకులైపోయాడు. ఆ గౌను మెడ ఎవడు కత్తిరించాడో గాని ముందుకూ వెనక్కూ తేడా లేకుండా ఒకే గుండ్రం తీసేశాడు, గొంతు కింద బిగుసుకుంటోంది. పరుపు మెల్లగా లోపలికి జరిగింది, మిషను సూది కిందికి గుడ్డ జరిగినట్టు. ఆ తర్వాత మోత. మొదట ఎవరో తలుపు బాదుతున్నట్టు, ఆ పైన ఊళ్లో ఉన్న ఓవర్‌లాక్ మిషన్లన్నీ ఒక్కసారే అందుకున్నట్టు. కళ్లు మూసుకోమంది. మూసుకుని దేవుడిని తలుచుకున్నాడు, బుద్ధెరిగాక ఎన్నడూ అడగని కోరిక అడిగాడు: స్వామీ, నా తలలో ఏదో ఒకటి కనపడేలా చెయ్యి.

చిన్నదైనా సరే. మచ్చో, గడ్డో, చిట్లిన నరమో, ఇదిగో అని వేలు పెట్టి చూపించడానికి వీలైనది. జనం ఆయన ముందు నిలబడి గడ్డలు కరిగించమని ఏడుస్తారు, వీడెవడు గడ్డ ఇప్పించమంటున్నాడు అనుకుంటాడేమో. అనుకోనీ. బయట వరండాలో ఇద్దరు కూర్చున్నారు, వాళ్లకు చూపించడానికి తన దగ్గర ఏమీ లేదు. ఒకరు భార్య. రెండోవాడు ఆమె తమ్ముడు, షాపు యజమాని. ఇవాళ పొద్దున్న ఇంటికి వచ్చి, కాఫీ కప్పు కింద పెట్టకుండానే చెప్పాడు వాడు: "చూడు బావా, తలలో ఏదైనా ఉందని తేలిందా, నువ్వు నా మనిషివి. ఎన్నాళ్లు మంచంలో ఉంటే అన్నాళ్లు నేను చూసుకుంటా. నీ కత్తెర నీ మేకుకే వేలాడుతుంది. ఏమీ లేదని తేలిందనుకో, అప్పుడు మాట్లాడుకుందాం." ఆ చివరి మాట అన్నప్పుడు వాడు తనవైపు చూడలేదు, అక్కవైపు చూశాడు. అక్క బల్ల తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

మోత ఆగింది. ఆగితే ఇంకా భయంగా ఉంది, లోపల ఉన్నది తనొక్కడే అని తెలుస్తుంది. మళ్లీ అందుకుంది, ఈసారి వేరే దరువు, టకటకటక, షాపులో మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఒకేసారి మిషన్లు తొక్కడం మొదలుపెట్టినప్పటిలాగా. ఆ మోతలో నిద్రపోయేవాడు తను. బల్ల పక్కన కుర్చీలో కూర్చుని, మెడలో టేపు వేలాడుతుండగానే కాస్త కునికి, లేచి మొహం కడుక్కుని వస్తే చెయ్యి తేలిపోయేది, కొలత తలలో, కత్తెర వేళ్లలో, మధ్యలో అడ్డమేమీ ఉండేది కాదు. ఛాతీ చూస్తే చాలు, టేపు వేయకముందే తెలిసిపోయేది. ఇప్పుడు, ఆ జ్వరం వచ్చి తగ్గినప్పటినుంచి, టేపు వేసి, అంకె చదివి, బల్ల దగ్గరికి నాలుగడుగులు వేసేలోపు అంకె రాలిపోతోంది. మెదడుకు మంచు పట్టింది అంటారట దీన్ని, బ్రెయిన్ ఫాగ్. మంచైతే ఎండెక్కాక విడిపోవాలిగా. ఇది మంచు కాదు, సుద్ద. గీసిన గీత కత్తెర వచ్చేలోపే రాలిపోతుంది, వంగి చూస్తే గుడ్డ ఖాళీ, అంతా తెలుపూ కాదు నలుపూ కాదు, ఏం గీశానో, అసలు గీశానో లేదో.

మామూలు గుడ్డయితే ఈ గొడవే వచ్చేది కాదు. మామూలు గుడ్డను రెండు మడతలు వేసి పరుస్తారు, కొలతకు కోసుకున్న అట్ట ఒక్కసారి పెట్టి గీస్తే కోటు కుడి చెయ్యి, ఎడమ చెయ్యి కవలల్లా ఒకే కత్తెరకు పుడతాయి, మనిషి బుర్ర వాడక్కర్లేదు. మఖమల్ అలా కాదు. మడత వేస్తే నూగు నూగును పట్టుకుని లోపల్లోపల జరిగిపోతుంది, పైపొర ఒకటి, కిందిపొర ఇంకొకటి అవుతాయి. అందుకని ఒంటి పొరే పరచాలి, నూగు వాలు అంతటా ఒకవైపే ఉందని అరచేత్తో నిమిరి చూసుకోవాలి, ఒక చెయ్యి గీశాక అట్టను బోర్లా తిప్పి రెండో చెయ్యి గీయాలి. తిప్పాలి. అంతే. ఒకటి గీయడం గుర్తుంది. కత్తెర కింద పెట్టడం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందంటే ఏమీ లేదు, కత్తిరించి పారేసిన చోట గుడ్డ ఎలా ఉండదో అలా లేదు. బల్ల మీద మాత్రం రెండు చేతులు పక్కపక్కన పడుకుని ఉన్నాయి, చంక దగ్గర ముందు గుండ్రం లోతుగా, వెనక గుండ్రం తక్కువగా, రెండూ ఒకేవైపు తిరిగి. రెండూ ఎడమవే. ఎంత అందంగా కత్తిరించాడో, అంచు ఎక్కడా నలగలేదు. అదే కొంప ముంచింది. చెయ్యి వణికినవాడి కోత అలా ఉండదంటాడు బామ్మర్ది.

ఆ గుడ్డ బజారులో దొరికేది కాదు. సంగీతం నేర్పే పంతులమ్మది, వాళ్లమ్మ దాన్ని పెట్టెలో దాచుకుని వాడకుండానే పోయిందట, ముదురు ఎరుపు, లోపలికి చూస్తే నలుపు. ఆమె దాన్ని రెండు చేతుల్లో పట్టుకొచ్చింది, పసిబిడ్డను తెచ్చినట్టు. "వాసన చూడండి మాస్టరు గారూ, ఇంకా మా అమ్మ వాసనే" అంది. మొహం దగ్గరగా పెట్టుకున్నాడు. జ్వరంలో పోయిన వాసన అప్పటికింకా తిరిగి రాలేదు, గుడ్డకూ గోడకూ తేడా లేదు. "అవునమ్మా" అన్నాడు. కోటు కుట్టించుకుని కచేరీకి వేసుకుంటానంది, అమ్మ వెన్ను మీద చెయ్యేసినట్టు ఉంటుందట. మళ్లీ వచ్చినప్పుడు ఆ రెండు చేతులనూ చూసి, నిమిరి, "రెండూ అటే చూస్తున్నాయే" అని, "పోనీలెండి" అంది. తిట్టాల్సింది. మొహాన కొట్టాల్సింది. కాజాల ఆవిడ పక్కనుంచి నవ్వించబోయింది, "దిగులు పడకండి మాస్టరూ, రెండు ఎడమ చేతులున్నవాడు ఎక్కడో పుట్టే ఉంటాడు, వెతికి అంటగడదాం" అని. ఎవరూ నవ్వలేదు. బామ్మర్ది ఒక్కడే గల్లా దగ్గర్నుంచి, "పుట్టడమేమిటి, మా బావే" అన్నాడు.

బోర్డు. షాపు మీదికి ఆ బోర్డు ఎక్కకపోయినా బాగుండేది. ఎన్నాళ్లుగానో చెబుతూ వచ్చాడు వాడు, కొత్త బోర్డు రాయిస్తాను, నీ పేరూ ఉంటుంది బావా, షాపు నీదీ నాదీ అని. తను అడగలేదు, వాడే అన్నాడు, అన్నాక ఆశ పుట్టింది, మనిషి కదా. జ్వరం తగ్గి తిరిగి వెళ్లేసరికి బోర్డు ఎక్కించారు, వాడి పేరు, వాడి కొడుకు పేరు, ఆ కొడుకు ఇంకా షూ లేసు కట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. అందరి ముందూ అనేశాడు తను: "ఈ కత్తెర ఆగిపోతే ఈ బోర్డు కింద ఏం మిగులుతుందో చూస్తా." ఆ వారంలోనే మఖమల్. ఇంక చెప్పేదేముంది, బామ్మర్దికి లెక్క కుదిరిపోయింది, కావాలనే చేశాడని. చిత్రమేమిటంటే బొత్తాం అన్న మాట నోటికి రాక "ఆ గుండ్రంది, ఆ గుండ్రంది" అని వేళ్లతో చూపిస్తున్న రోజుల్లో కూడా బోర్డు కింద నిలబడి అన్న ఆ మాట మాత్రం అక్షరం పోలేదు. పోవాల్సింది ఉంటుంది, ఉండాల్సింది పోతుంది. స్వామీ, నువ్వు కత్తిరించేటప్పుడు అట్ట సరిగానే పెట్టుకుంటావా?

తప్పు, తప్పు. ఇలాంటి మాటలు ఇదివరకు వచ్చేవి కావు. నాన్న నేర్పిన ప్రార్థన ఒకటుంది, పొద్దున్నే స్నానం చేసి, తలుపు తీసి, వెలుగుకు ఎదురుగా నిలబడి చెప్పుకునేది. పెళ్లినాడు చెప్పుకున్నాడు, కూతురు పుట్టిన పొద్దున్న ఆసుపత్రి మెట్ల మీద చెప్పుకున్నాడు, నాన్నను మట్టిచేసి వచ్చిన మర్నాడు కూడా వదల్లేదు. జ్వరం నుంచి లేచాక మొదటి చరణం వస్తుంది, రెండోది వస్తుంది, మూడో దానికి నోరు తెరిస్తే మళ్లీ మొదటిదే వచ్చి కూర్చుంటుంది. గుండ్రంగా తిరుగుతాడు, గానుగెద్దులా. ఎవరినైనా అడిగి రాయించుకోవచ్చు, కాని రాసుకుని చదివితే అది నాన్న ఇచ్చింది అవుతుందా? దేవుడు రోజూ మొదటి సగమే వింటున్నాడు. ఆయనకు విసుగు పుట్టదా, లేక మిగతా సగం తనే పూర్తి చేసుకుంటాడా? గుర్తున్నవాడి భక్తే భక్తి అయితే, గుర్తును తీసేసుకున్నవాడు భక్తిని కూడా పట్టుకుపోయినట్టేనా? గుడిలో పంతులుగారిని అడిగితే, "మనసు నిలపండి, అదే వస్తుంది" అన్నారు. మనసు నిలవకపోవడమే జబ్బండీ అంటే నవ్వారు, అది లోకమంతా ఉన్న జబ్బే అన్నారు.

"అంకుల్, కొంచెం కదిలారు. ఇది మళ్లీ తీస్తాం, ఊ?"

ముక్కు. ముక్కు గోకబోయాడు కాబోలు. చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు. చూశావా, చెయ్యి లేచింది, తనకు తెలియదు. ఇదే చెప్పుకొస్తున్నాడు ఇన్నాళ్లూ, ఇదే ఎవరికీ ఎక్కడం లేదు. ఎక్కింది ఒక్క డాక్టరమ్మకే. చిన్నపిల్ల, తన కూతురికంటే చిన్నదేమో, అలసిపోయిన మొహం. చెప్పింది ఓపిగ్గా: "జ్వరం తెచ్చిన వైరస్ ఎప్పుడో పోయింది మాస్టరు గారూ. మెదడులో కాపలా కణాలని ఉంటాయి. దొంగ వచ్చాడని లేచాయి, దొంగ పోయినా పడుకోవడం లేదు. చీకట్లో కర్ర ఝాడిస్తూనే ఉన్నాయి, దెబ్బలు ఇంట్లోవాళ్లకే తగులుతున్నాయి." నరానికీ నరానికీ మధ్య కబురు దాటించే అతుకులుంటాయట, అవి ఆ దెబ్బలకు తెగుతాయట. మెదడుకు వెళ్లే నెత్తుటి గొట్టాలకు లోపలి గోడ ఉంటుందట, కణం పక్కన కణం, నీళ్లు కారనంత దగ్గర కుట్టుతో. ఆ కుట్టు సడలితే, లోపలికి రాకూడనివి నెత్తుట్లోంచి మెదడులోకి ఊరుతాయట. "అంటే కుట్టు వదిలిందన్నమాట" అన్నాడు తను. "అలాగే అనుకోండి. కాని అందరిలోనూ జరుగుతున్నది ఇదేనని ఇంకా తేలలేదు, వెతుకుతున్నారు." మరి స్కాను ఎందుకమ్మా అంటే, వేరే జబ్బేమీ లేదని చూసుకోవడానికి అంది, ఇక్కడున్న యంత్రానికి చినుగు కనపడుతుంది గాని అంత సన్నని కుట్టు కనపడదు అంది. పక్కన కూర్చున్న బామ్మర్ది అంత కథలోంచీ ఒక్క ముక్క ఏరుకున్నాడు: "అంటే స్కానులో ఏమీ ఉండదనేగా డాక్టరు గారూ?" ఆమె చెప్పబోయింది. వాడికి ఫోను వచ్చింది.

ఇంటికెళ్లి భార్యకు తనే చెప్పాలనుకున్నాడు. దారంతా వరసలో పెట్టుకున్నాడు, దొంగ, కాపలా, కర్ర, అతుకు, కుట్టు. గుమ్మంలోకి వచ్చేసరికి వరస చెదిరిపోయింది, "దొంగలు పడ్డారే, కాపలావాళ్లు ఇంట్లోవాళ్లనే కొడుతున్నారు" అన్నాడు. ఆమె చేతిలో గిన్నె పడేసి, "ఎక్కడ? షాపులోనా?" అని పరుగెత్తుకొచ్చింది. నవ్వొచ్చింది తనకు. నవ్వాడు కూడా. ఆమె మొహం అప్పుడు మారడం చూశాడు, వేళాకోళం చేస్తున్నాడని. అక్కడినుంచి ఇక ఏం చెప్పినా అతకలేదు.

ఆ మర్నాడే అడిగింది. తను షర్టు వేసుకుంటున్నాడు, ఆమె కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ, "ఏవండీ, ఒక్క మాట. కోపంతో చేశారా?" అంది. లేదన్నాడు. "అయితే దేవుడి మీద ఒట్టేయండి. మీరు ఒట్టేస్తే నేనింకెవరి మాటా వినను, వాడి మాట కూడా." ఎంత తేలిక. లేదు అన్నవాడికి ఒట్టు అనడం ఎంతసేపు? నోరు తెరిచాడు. తెరిచి వెనక్కి వెళ్లి చూశాడు, ఆ బల్ల దగ్గరికి, ఆ సుద్దకూ కత్తెరకూ మధ్యనున్న ఖాళీలోకి. అక్కడ ఏమీ కనపడలేదు. కోపమూ కనపడలేదు, అమాయకత్వమూ కనపడలేదు. గుర్తులేని క్షణానికి ఒట్టు ఎలా వేస్తాడు? కోపం ఉన్న మాట నిజమే కదా, ఆ వారమంతా కడుపులో ఉంది కదా, తను లేనప్పుడు చెయ్యి దాని మాట విన్నదేమో, ఎవరు చూడొచ్చారు? తెలియనిదాన్ని తెలుసునని దేవుడి పేరు మీద చెప్పలేకపోయాడు. "ఒట్టు మాత్రం వేయలేనే" అన్నాడు. ఆమె కిటికీ రెక్క మూసింది. గట్టిగా కాదు, మెల్లగా, గడియ కూడా పెట్టింది. దేవుడి భయం లేనివాడైతే ఆ పూటే బయటపడేవాడు.

అందుకే స్వామీ, చినుగు. ఒక చినుగు పడెయ్యి. అబద్ధపుదైనా ఫరవాలేదు, ఫిల్ము మీద నీ గోటితో ఒక గీత గీయి. మొదటి చరణం చెప్పాడు, రెండోది చెప్పాడు, మోత పెరిగింది, మొదటిది చెప్పాడు.

"అయిపోయింది అంకుల్. బాగా పడుకున్నారు" అంది అమ్మాయి, పసివాణ్ణి మెచ్చుకున్నట్టు. తేలికగా ఉంది తల, పంజరం తీసేశాక ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది. పరదా వెనక నిలబడి గౌను విప్పి చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు పెట్టుకుంటుంటే వరండాలోంచి బామ్మర్ది గొంతు వినపడింది, పెళ్లి కుదిరినంత సంబరంగా: "నేను చెప్పలా అక్కా! ఏమీ లేదట! డాక్టరమ్మ తెర మీద చూసి మరీ చెప్పింది!" అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆరోగ్యం బాగుందన్న కబురు విని కూలబడినవాడు లోకంలో తనొక్కడే అయి ఉంటాడు.

పరదా తొలిగింది. ముందు బామ్మర్ది, వెనక ఆమె. ఆమె మొహంలో వెలుగుంది. ఆ వెలుగు నిజమైనది, కాదనలేడు. ఏ గడ్డో ఉందంటారని ఇంతసేపూ ఆమె కూడా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది, తను అడిగినదానికి సరిగ్గా ఎదురు కోరిక అదే దేవుడిని అడుగుతూ. ఆయన ఆమె మాట విన్నాడు. న్యాయమే, ఆమెకు ప్రార్థన అంతా వచ్చు. ఆ వెలుగు అలా ఉండగానే దాని వెనకనుంచి పాత అనుమానం మెల్లగా ముందుకు వచ్చింది. "మరి..." అంది ఆమె.

బామ్మర్ది భుజం మీద చరిచాడు. "లే బావా, నాటకాలు చాలు. సోమవారం వచ్చెయ్. జరిగిందేదో జరిగింది, నేను మనసులో పెట్టుకోను. పంతులమ్మ మళ్లీ వచ్చింది తెలుసా, వాళ్లమ్మ పెట్టెలో అదే గుడ్డ ఇంకో ముక్క మిగిలిందట, అదీ ఇచ్చిపోయింది. మాస్టరు గారికి అప్పుడు ఒంట్లో బాగోలేదు పాపం, ఈసారి ఆయనే కత్తిరించాలి అంది. మూట విప్పలేదు, నీ బల్ల మీదే పెట్టా."

ఇంకో ముక్క. ఆఖరిది. బల్ల కనపడింది, దాని మీద ఆ ఎరుపు, ఒంటి పొరగా, నూగు ఒకవైపు వాలి. సుద్ద గీస్తున్నాడు. ఆ తర్వాత ఏమిటో కనపడలేదు. చేయలేనంటే ఎందుకు చేయలేవంటాడు, తలలో ఏమీ లేదుగా అంటాడు, కాగితం చూపిస్తాడు. కాపలా, కర్ర, కుట్టు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరు వింటారు? పంతులమ్మ మాత్రం "పోనీలెండి" అంటుంది, ఈసారి కూడా.

"కావాలనే కత్తిరించాను" అన్నాడు.

బామ్మర్ది చెయ్యి భుజం మీదే ఉండిపోయింది.

"బోర్డు చూసి ఒళ్లు మండింది. అట్ట తిప్పాలని తెలుసు. తిప్పలేదు. మళ్లీ నన్ను ఆ బల్ల దగ్గర నిలబెట్టావో, మళ్లీ అలాగే కత్తిరిస్తా." అన్నిట్లోకీ ఆఖరి మాటొక్కటే నిజం. అది కూడా వాళ్లకు బెదిరింపులాగే వినపడింది.

"విన్నావుగా అక్కా" అన్నాడు వాడు, గొంతు తగ్గించి, ఇన్నాళ్లూ వాదించిన మాట గెలిచినందుకు వాడికే సంతోషం లేనట్టు. "సరే బావా. కత్తెర పంపిస్తా, ఇంట్లో పెట్టుకో." పరదా తోసుకుని వెళ్లిపోయాడు. చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినపడింది.

ఆమె వెళ్లలేదు. దగ్గరికి వచ్చింది. ఒట్టేయమంటుందేమోనని చూశాడు, భయపడ్డాడు కూడా. అడగలేదు. ఈ మాటకు ఒట్టు అక్కర్లేకపోయింది. జ్వరం తగ్గిన నాటినుంచి తను చెప్పిన మాటలన్నిట్లో ఆమె చప్పున నమ్మింది ఇదొక్కటే. "అప్పుడే ఈ మాట చెప్పేస్తే పోయేదిగా" అంది కళ్లు తుడుచుకుంటూ, "ఇన్నాళ్లూ నన్ను ఎంత కాల్చుకు తిన్నారు. కోపం ఎవరికి రాదు? వాడు మాత్రం తక్కువ చేశాడా?" ఆ గొంతులో ప్రేమ ఉంది. కోపిష్ఠి మొగుణ్ణి క్షమించడం ఆమెకు వచ్చు, ఇన్నేళ్ల కాపురంలో చేతికి అలవాటైన పని. చేసిందేమిటో తనకే తెలియని మొగుణ్ణి ఏం చేసుకోవాలో తెలియకే ఆ కిటికీ మూసుకుంది. "ఇదేమిటిది" అని చొక్కా చూసి, వంగి, ఒక కాజా ఎగరేసి పెట్టుకున్న బొత్తాలన్నీ పైనుంచి విప్పి, ఒక్కొక్కటే సరిగ్గా పెట్టింది. పెడుతున్నంతసేపూ చిన్నగా నవ్వుకుంది, కంగారులో అలా పెట్టుకున్నాడని.

ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి నడిచాడు. ఎండ పడుతోంది గచ్చు మీద. కనీసం ఆయనకైనా అసలు సంగతి చెప్పుకోవాలి, ప్రార్థన పూర్తిగా చెప్పి, ఆ చివర చెప్పుకోవాలి అనుకున్నాడు. పెదవులు కదిపాడు. మొదటి చరణం వచ్చింది. రెండోది వచ్చింది. ఆ తర్వాత మళ్లీ మొదటిది వచ్చింది.